విత్తనపు పుంజును ఎలా ఎంచాలి? మిగతావాటిని ఎప్పుడు తీసేయాలి?

గుడ్లు నలభై పిల్లలైతే వాటిలో ఇంచుమించు ఇరవై పుంజులే ఉంటాయి. జాతి నిలబెట్టుకోవడానికి వాటిలో మీకు కావలసినవి రెండో మూడో. ఆ రెండు మూడూ ఏవి, మిగతా పదిహేడింటిని ఏం చేయాలి, ఎప్పుడు చేయాలి అన్న దగ్గరే జాతి కోళ్లు పెంచేవాళ్ల పనితనం తేలిపోతుంది. బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ దొడ్డబళ్లాపుర, దేవనహళ్లి, హొసకోటె, ఆనేకల్ వైపు కాస్త స్థలంలో అసిల్ కోళ్లు పెంచుకునే మనవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. వారమంతా ఆఫీసు, ఆదివారం షెడ్డు. మధ్యలో చూసుకునే మనిషి ఒకరు. ఈ పరిస్థితిలో కూడా ఎంపిక సరిగా చేయవచ్చు. అయితే ఏం చేయాలో ముందే రాసి పెట్టుకోవాలి.

మొదట మీ దగ్గరున్నది నిజంగా జాతి కోడేనా అని చూసుకోండి. హెబ్బాళలో తయారైన గిరిరాజ, స్వర్ణధార, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ ఇచ్చిన వనరాజ, గ్రామప్రియ ఇవన్నీ పెరటి రైతుకు ఎంతో మేలు చేసిన కోళ్లు. కానీ అవి వేర్వేరు వంశాలను కలిపి తీసిన సంకరాలు. వాటిలోంచి ఎంత మంచి పుంజును ఎంచి పొదిగేసినా తర్వాతి తరంలో పిల్లలు ఒక తీరుగా రావు. ఒకటి తాత పోలిక, ఒకటి అమ్మమ్మ పోలిక. బరువూ గుడ్లూ కూడా పడిపోతాయి. అవి కావాలనుకునేవాళ్లు ప్రతిసారీ పిల్లల్ని కొనుక్కోవడమే మేలు. ఇక్కడ చెప్పే ఎంపిక అసిల్, కడక్‌నాథ్ లాంటి నికరమైన జాతులకే పనికొస్తుంది. అసిల్ మన సొంత జాతి కూడా. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ గుర్తించిన దేశవాళీ కోడి జాతుల్లో అది ఒకటి, దాని పుట్టిల్లుగా రాసిన ప్రాంతాల్లో ఆంధ్రప్రదేశ్ ఉంది.

పుంజు చెప్పనివి దాని తల్లి చెబుతుంది

పుంజు దగ్గర నిలబడగానే మన కళ్లు రంగు మీదికి పోతాయి. డేగా, కాకా, నెమలా, సేతువా అని చూస్తాం. తర్వాత ఎత్తు, ఈమధ్య చిలకముక్కు, పొడవు తోక. కుక్కుట శాస్త్రం పేరుతో రంగుకూ వారానికీ ముడిపెట్టి చెప్పుకునే అలవాటు మనకు ఎప్పటినుంచో ఉంది. అందంగా ఉన్న పుంజును ఇష్టపడటంలో తప్పేమీ లేదు. కానీ జాతిని బతికించే గుణాలు చాలావరకు పుంజు ఒంటిమీద కనబడవు. గుడ్లు పెట్టేది అది కాదు, పొదిగేది అది కాదు, పిల్లల్ని సాకేది అంతకన్నా కాదు. ఆ గుణాలను దానిలో చూడాలంటే దాని తల్లిని చూడాలి, అక్కచెల్లెళ్లను చూడాలి, చివరికి దానికి పుట్టిన పిల్లల్ని చూడాలి. నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదొక్కటే: పుంజును పుంజును చూసి ఎంచకండి, దాని కుటుంబాన్ని చూసి ఎంచండి.

ఒక పెట్ట ఏడాదిలో మహా అయితే కొన్ని డజన్ల పిల్లలకు తల్లి అవుతుంది. పుంజు అయితే గూటిలో ఉన్న పెట్టలన్నిటి పిల్లలకూ తండ్రి. దాంతోపాటు మరో సంగతి ఉంది. పక్షుల్లో మగదానికి రెండు జెడ్ క్రోమోజోములు, ఆడదానికి ఒక్కటే. ఆ ఒక్కటీ కూతురికి తండ్రి నుంచే వస్తుంది, తల్లి నుంచి రాదు. కాబట్టి ఆ క్రోమోజోము మీదున్న ప్రతి గుణానికీ మీ రేపటి పెట్టలు పూర్తిగా ఈనాటి పుంజు మీదే ఆధారపడతాయి. మంచి పెట్ట గుణం వదులుకోకూడదనుకుంటే దాని కొడుకును విత్తనానికి ఉంచండి.

దీనికోసం ఏ గుడ్డు ఏ పెట్టదో తెలియాలి. పెద్ద ఫారాల్లో పెట్ట లోపలికి వెళ్లగానే తలుపు మూసుకునే గూళ్లు పెడతారు. వాటిని రోజంతా చూసుకునే మనిషి ఉండాలి. ఆదివారం మాత్రమే వెళ్లేవాళ్లకు సులువైన దారి, పొదిగేసే గుడ్లు కావలసిన రెండు మూడు వారాలు ఒక్కో పెట్టను ఒక్కో చిన్న గూటిలో ఉంచి, పుంజును వంతులవారీగా వదలడం. గుడ్డు మీద పెన్సిల్‌తో పెట్ట నంబరు, తేదీ వేయమని చూసుకునే మనిషికి చెప్పండి. పిల్లలు రాగానే కాలి వేళ్ల మధ్య పలచటి పొరలో చిన్న రంధ్రం వేస్తే ఆ గుర్తు జీవితాంతం పోదు. రెండు కాళ్లలో కలిపి నాలుగు పొరలు, అంటే 16 రకాల గుర్తులు వస్తాయి. చిన్న మందకు అవి చాలు. పెద్దయ్యాక నంబరున్న కాలి రింగు. ఒక నోటుబుక్కు. ఇంతకు మించి ఖర్చు లేదు.

నాలుగు జల్లెడలు

ఇరవై పుంజుపిల్లల్లోంచి మూడింటిని ఒక్క రోజులో ఎంచాలనుకుంటే కళ్లు మోసం చేస్తాయి. వయసును బట్టి వడకట్టుకుంటూ పోవాలి, ప్రతి దశలోనూ కావలసినదానికన్నా కొన్ని ఎక్కువే మిగుల్చుకోవాలి.

మొదటిది పుట్టిన రోజే. ముక్కు పైదీ కిందిదీ కలవని పిల్ల, వేళ్లు మెలిపడ్డ పిల్ల, బొడ్డు ఆరని పిల్ల విత్తనానికి పనికిరావు. బొడ్డు ఆరకపోవడం ఇంక్యుబేటర్ తప్పు కూడా కావచ్చు, అందుకని తల్లిదండ్రుల మీద అప్పుడే తీర్పు చెప్పకండి. అయితే వంకర ముక్కు ఒకే జంట పిల్లల్లో మళ్లీ మళ్లీ వస్తుంటే ఆ జంటను విడదీయాలి. చిలకముక్కు కావాలనుకునేవాళ్లు ఇక్కడ మరింత జాగ్రత్తగా ఉండాలి. వంపు ఎంతైనా ఉండనీయండి, రెండు ముక్కులూ సరిగ్గా మూసుకోవాలి. మూసుకోకపోతే ఆ పిల్ల గింజ ఏరుకోలేదు.

రెండో జల్లెడ 8 వారాలకు. అప్పటికి పుంజూ పెట్టా తేడా తెలిసిపోతుంది. ఒకే రోజు పుట్టిన పిల్లలన్నిటినీ ఒకే రోజు, మేత వేయకముందు తూకం వేయండి. ఒక విడతను మరో విడతతో పోల్చకండి. జనవరి చలిలో పెరిగినవీ వానాకాలంలో పెరిగినవీ ఒకటి కావు. కింది మూడోవంతును విత్తనం జాబితాలోంచి తీసేయండి. అన్నిటికన్నా బరువైనదాన్ని చూసి మురిసిపోవద్దు. మరీ బరువెక్కే పుంజుకు కాళ్ల జబ్బులు ఎక్కువ, పెట్టను సరిగా ఎక్కలేదు. బరువు కోసమే ఎంచుకుంటూ పోయిన వంశంలో గుడ్లు తగ్గుతాయన్నది కోళ్ల పెంపకంలో చాలాకాలంగా తెలిసిన విషయం. పై మూడోవంతులో, మధ్యలో నిలబడ్డ పుంజు మీద నాకు నమ్మకం ఎక్కువ.

మూడోది 20 వారాల దగ్గర. అసిల్‌కు ఇది ఇంకా కుర్రతనమే. పూర్తిగా ఎదిగిన పుంజు నాలుగైదు కిలోలు తూగుతుంది, అంత కావడానికి చాలా నెలలు పడుతుంది. అయినా ఒంటి కట్టు ఇప్పటికే చేతికి తెలుస్తుంది. ఈ పరీక్షకు తొందర పనికిరాదు, ఒక్కో పుంజుకు పది నిమిషాలు ఇవ్వండి. ముందు దూరం నుంచి నడక చూడండి. రెండు కాళ్లూ దూరదూరంగా, నిటారుగా పడాలి. మోకాళ్లు లోపలికి తగులుకునేదాన్ని వదిలేయండి. తర్వాత చేతిలోకి తీసుకుని బొటనవేలితో రొమ్ము ఎముకను మొదటి నుంచి చివరిదాకా తడమండి. ఎక్కడైనా వంకర తగిలితే, అది ఎత్తైన కర్ర మీద కూర్చోవడం వల్ల వచ్చిందో పుట్టుకతో వచ్చిందో దాని అన్నదమ్ముల్ని కూడా తడిమితే అర్థమవుతుంది. అందరికీ వంకరే అయితే ముందు కర్ర మార్చండి. వీపు వెడల్పుగా, భుజాల దగ్గర నుంచి తోక వైపు సన్నబడుతూ పోవాలి. మెడ పొడవు, కాళ్లు పొడవు, తోక కిందికి వాలి ఉండటం, ఈకలు పలచగా ఒంటికి అంటుకుని ఉండటం అసిల్ లక్షణాలు. గడ్డం కింద తోలు వేలాడకూడదు, ఉన్నా చాలా కొద్దిగా ఉండాలి.

కంటి విషయంలో చాలామంది పొరబడతారు. కోడికి కన్ను బూడిదరంగుకు తిరిగితే మారెక్స్ జబ్బేమోనని అనుమానించాలని పుస్తకాల్లో ఉంటుంది. అసిల్‌కు ముత్యంలా తెల్లటి కన్ను పుట్టుకతో వచ్చే జాతి లక్షణం. కాబట్టి రంగు చూసి భయపడకండి, కంటిపాప చూడండి. పాప గుండ్రంగా, అంచు శుభ్రంగా ఉండి, వెలుగు పడితే ముడుచుకుంటే ఆరోగ్యమే. అంచు చిరిగినట్టుంటే, ఒక కన్ను ఒకలా మరో కన్ను మరోలా ఉంటే పశువైద్యుడికి చూపించండి. ఆ పుంజును విత్తనానికి ఉంచకండి.

ఇక తురాయి. అసిల్‌కు ఉండవలసింది చిన్నగా, తలకు అంటుకుని, మూడు వరసల్లో బఠాణీ గింజల్లా కనిపించే తురాయి. రంపంలా నిలబడే ఒంటి తురాయి వచ్చిందంటే ఎక్కడో కలుపు ఉంది. కోడి తురాయిలు మెండెల్ సూత్రాల ప్రకారమే వంశంలో దిగుతాయని ఇంగ్లండ్‌లో విలియం బేట్‌సన్ 1902లోనే చూపించాడు. బఠాణీ తురాయి గుణం రంపం గుణాన్ని చాలావరకు కప్పేస్తుంది. అందుకే పైకి బాగానే కనిపించే పుంజు లోపల రంపం గుణాన్ని మోస్తూ ఉండవచ్చు. రెండు బఠాణీ తురాయి కోళ్లకు రంపం తురాయి పిల్ల పుట్టిందంటే తల్లీ తండ్రీ ఇద్దరూ దాన్ని మోస్తున్నట్టే. తప్పు ఒక్క పెట్ట మీదికి తోయకండి. విలువైన పుంజు అయితే పరీక్షించడానికి సులువైన మార్గం ఉంది. రంపం తురాయి ఉన్న మామూలు పెట్టతో జత కట్టండి. పుంజు కలుపు మోస్తుంటే పిల్లల్లో సగానికి రంపం వస్తుంది. వరసగా ఏడు పిల్లలకూ బఠాణీ తురాయే వచ్చిందంటే, కలుపు ఉండి కూడా ఇలా జరగడానికి 128లో ఒక్క వంతే అవకాశం. ఆ పరీక్ష పిల్లలన్నీ కూరకే పోవాలి, ఒక్కటి కూడా విత్తనం గూటిలోకి రాకూడదు.

ఇదే వయసులో స్వభావం కూడా బయటపడుతుంది. అసిల్ పుంజు మరో పుంజును ఓర్చుకోదు, అది దాని రక్తంలో ఉంది. మనిషి దగ్గర మాత్రం నెమ్మదిగా ఉండటం మంచి అసిల్ గుణం. మనిషి మీదికి ఎగిరి తన్నే పుంజును, ఎంత అందగాడైనా, తీసేయండి. షెడ్డు చూసుకునే మనిషికి పిల్లలుంటే ఈ విషయంలో రెండో ఆలోచన వద్దు.

నాలుగో జల్లెడ గుడ్ల దగ్గర. మిగిలిన నాలుగైదు పుంజులకు తలా కొన్ని పెట్టలిచ్చి, ఒక్కొక్కదాని గుడ్లు ఇరవై వేరుగా పొదిగేయండి. ఏడో రోజు రాత్రి చీకట్లో లైటు పట్టి చూస్తే నరాల సాలెగూడు కనిపించాలి. ఏమీ లేకుండా తేటగా ఉన్న గుడ్లు నాలుగైదు దాటితే పుంజు మీద అనుమానం పెట్టుకోవచ్చు. ఎర్రటి రక్తపు వలయం మాత్రమే ఉందంటే పిండం మొదలై చనిపోయిందని అర్థం. అందులో పుంజు తప్పు తక్కువ. గుడ్డు ఎక్కువ రోజులు నిల్వ ఉండటం, కరెంటు పోయి ఇంక్యుబేటర్ చల్లబడటం ముందు చూడాలి. వారానికి మించి నిల్వ ఉంచిన గుడ్లతో ఏ పుంజుకూ తీర్పు చెప్పకండి. ఒక జాగ్రత్త మర్చిపోవద్దు. పెట్ట కడుపులో పుంజు వీర్యం రెండు మూడు వారాలు బతికి ఉంటుంది. పుంజును మార్చాక కనీసం మూడు వారాలు ఆగి తీసిన గుడ్లే కొత్త పుంజువని నమ్మండి. ఈ ఒక్క సంగతి తెలియకపోవడం వల్ల ఎన్నో మందల్లో వంశం లెక్కలు తారుమారవుతాయి.

ఆంధ్ర తీరంలో మే నెల ఎండకు పుంజుల సత్తువ తగ్గి గుడ్లు తేటగా పోతాయి. బెంగళూరు సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉండటం మనకు కలిసొచ్చింది. అయినా ఏప్రిల్‌లో పరీక్ష పెట్టుకోకుండా వానలు మొదలయ్యాక పెట్టుకుంటే ఫలితం నమ్మదగ్గదిగా ఉంటుంది.

ఒక్క పుంజుతో సరిపెట్టకండి

ఇన్ని జల్లెడలు దాటి ఒక గొప్ప పుంజు దొరికిందనుకోండి. అప్పుడే అసలు ప్రమాదం మొదలవుతుంది. పదిహేను పెట్టలకూ ఆ ఒక్కదాన్నే వాడాలనిపిస్తుంది. రక్తసంబంధం ఒక తరంలో ఎంత పెరుగుతుందో లెక్కగట్టే సూత్రం ఉంది: మగవాటి సంఖ్యను ఎనిమిదితో హెచ్చించి ఒకటిని దానితో భాగించాలి, ఆడవాటికీ అలాగే చేసి రెండూ కూడాలి. ఒక పుంజు, పదిహేను పెట్టలైతే తరానికి 13.3 శాతం. ఒకే తండ్రికి వేర్వేరు తల్లుల వల్ల పుట్టిన అన్నాచెల్లెళ్లను జత కడితే వాటి పిల్లలకు వచ్చేది 12.5 శాతం. అంటే ఒక్క పుంజు మంద ప్రతి తరంలోనూ అంతకన్నా కాస్త ఎక్కువే నష్టపోతుంది. అవే పదిహేను పెట్టలకు మూడు పుంజులు పెడితే నష్టం 5 శాతానికి దిగుతుంది. పెట్టల్ని ఇరవై, ముప్పై చేసినా రాని మేలు మరో రెండు పుంజుల్ని ఉంచుకుంటే వస్తుంది. అదనంగా మేసేది రోజుకు పుంజుకు నూరు నూటయాభై గ్రాములు.

మూడు గూళ్లు పెట్టుకోండి. వాటికి ఎరుపు, పచ్చ, నీలం అని పేర్లు పెట్టి అదే రంగు రింగులు వేయండి. కూతుళ్లు పుట్టిన గూటిలోనే ఉంటాయి. ఎరుపు కొడుకు పచ్చ గూటికి, పచ్చ కొడుకు నీలానికి, నీలం కొడుకు ఎరుపుకు వెళ్లాలి. ఏటా ఇదే వరస. ఈ పద్ధతిలో బయటి పుంజు అవసరం చాలా ఏళ్లు రాదు, తండ్రీకూతుళ్ల జత ఎన్నటికీ పడదు. ప్రతి గూటి నుంచీ రెండో స్థానంలో నిలిచిన పుంజును అట్టిపెట్టుకోండి. భీమవరం నుంచో నెల్లూరు నుంచో కొత్త పుంజును తెస్తే నెల రోజులు వేరుగా, వేరే నీళ్ల గిన్నెతో ఉంచాకే మందలో కలపాలి.

తీసేసినవి ఎక్కడికి పోవాలి

ఏరివేత ఇష్టంగా చేసే పని కాదు. సాకినవాడికి బాధ ఉంటుంది, ఉండాలి కూడా. కానీ పనికిరాని పుంజును జాలికొద్దీ ఉంచితే అది పెట్టల వీపులు చీలుస్తుంది, మంచి పుంజును పొడుస్తుంది, ఇరుకు గూటిలో అన్నిటికీ జబ్బు తెస్తుంది. వడపోత రోజునే అమ్మకం రోజు కూడా నిర్ణయించుకోండి.

బెంగళూరులో నాటుకోడికి గిరాకీ ఏడాదంతా ఉంటుంది, ఉగాది మర్నాడు వచ్చే హొసతొడకు నాడు మాత్రం విపరీతం. ఆగస్టు చివర్లో పొదిగేస్తే సెప్టెంబరు నడుమ పిల్లలవుతాయి. 20 వారాల జల్లెడ ఫిబ్రవరి మొదట్లో పడుతుంది, తీసేసినవి ఉగాది నాటికి ఆరు నెలలు దాటి కూరకు సిద్ధంగా ఉంటాయి. శ్రావణంలో మన ఇళ్లలోనూ కన్నడిగుల ఇళ్లలోనూ మాంసం ముట్టనివాళ్లు ఎక్కువ. ఆ నెలలో అమ్మవలసి వచ్చేలా పొదిగేసుకోకండి. మందు వాడిన కోడి అయితే డాక్టరు చెప్పిన గడువు దాటేవరకు అమ్మకూడదు. జబ్బు కోడిని సంతకు అసలే పంపకూడదు. రవాణాకు బుట్టలో నిలబెట్టి పంపండి, కాళ్లు కట్టి బండికి తలకిందులుగా వేలాడదీయకండి.

సంక్రాంతి ముందు మరో రకం కొనుగోలుదారులు వస్తారు. మీరు తీసేసిన పుంజుకే కూరధరకు పదింతలు ఇస్తామంటారు. అది బరికి పోతుంది. జంతువుల పట్ల క్రూరత్వ నిరోధక చట్టం, 1960 ప్రకారం జంతువుల్ని వినోదం కోసం పోట్లాటకు ఉసిగొల్పడం నేరం. చట్టం మాట అటుంచినా, కత్తి కట్టించుకోవడానికి పుంజును ఇవ్వడం దాన్ని సాకిన చేతులకు తగదు. వద్దని చెప్పండి.

ఇక మందను జబ్బుల నుంచి కాపాడుకోవడం. టీకాల విషయం క్లుప్తంగా: కొక్కెర తెగులుకు మొదటి వారంలో, మళ్లీ నెలకు, రెండు నెలల వయసులో ఇంజెక్షన్‌గా. మశూచికి ఆరు వారాలకు. మారెక్స్‌కు పుట్టిన రోజే. హెబ్బాళలోని పశు ఆరోగ్య, వెటర్నరీ బయలాజికల్స్ సంస్థ టీకాలు తయారుచేస్తుంది, మీ ఊరి పశువైద్యశాలలో అడగండి. పద్ధతిగా నేర్చుకోవాలనుకుంటే హెసరఘట్టలోని కేంద్ర కోళ్ల అభివృద్ధి, శిక్షణ సంస్థ రైతులకు శిక్షణ ఇస్తుంది.

ఆ హెసరఘట్టలోనే 2012 అక్టోబరులో టర్కీ కోళ్లలో బర్డ్ ఫ్లూ బయటపడి, ఆ ప్రాంగణంలోని వేల పక్షుల్ని చంపేయవలసి వచ్చింది. ప్రభుత్వ కేంద్రానికే అలా జరిగితే, ఊరి పొలిమేరలో ఉన్న మన షెడ్డు పరిస్థితి చెప్పనక్కర్లేదు. వ్యాధి సోకిన చోటు చుట్టూ ఒక కిలోమీటరు మేర కోళ్లను తీసేస్తారు. మీరు పదేళ్లు ఎంచి నిలబెట్టిన వంశమైనా సరే మినహాయింపు ఉండదు. కాబట్టి రెండో స్థానంలో నిలిచిన ఆ పుంజుల్ని, వాటితో పాటు మూడు నాలుగు పెట్టల్ని వేరే ఊళ్లో, ఇదే జాతి మీద శ్రద్ధ ఉన్న మరొకరి దగ్గర ఉంచండి. వాళ్లవి కొన్ని మీరు ఉంచుకోండి. అయితే ఒకే షెడ్డులో మాత్రం కలపకండి. రింగు నంబర్ల కాపీ ఇద్దరి దగ్గరా ఉండాలి. ఈ ఏర్పాటు ఈ దసరాలోపే చేసుకుంటే చలికాలంలో పొదిగేయడానికి రెండు చోట్లా గూళ్లు సిద్ధంగా ఉంటాయి.